కాలవకి వదిలిన నీళ్ళు

అలా చూడకు అన్నయ్యా! గొంతులో గొట్టం ఉన్నా కళ్ళతోనే తిట్టేస్తావు, చిన్నప్పట్నుంచీ ఇంతే నువ్వు. నర్సమ్మ పది నిమిషాలే ఇచ్చింది. నన్ను చెప్పనీ.

గాలివానకి కరెంటు స్తంభాలు కూలి నాలుగు రోజులు. ఆసుపత్రి మొత్తానికీ ఒక్కటే జనరేటరు. అదీ ముసలిది, దగ్గుతూ నడుస్తోంది.

నా పని నీకు తెలుసుగా? వార్డుల మురుగంతా నా తొట్టెలోకే. రక్తం, మిగిలిన మందులు, ఏ మందుకీ చావని క్రిములు... ఒకటా రెండా! తొట్టెలో ఇనుప పలకలు దించి కరెంటు పెడితే మురికి ముద్దకట్టి నురగతో పైకి తేలుతుంది. పక్క తొట్టెలో ఆ కరెంటే క్రిముల్ని చంపుతుంది. అప్పుడే కాలవకి వదలాలి. ఆరేళ్ళలో ఒక్క చుక్క పచ్చిగా వదల్లేదు. ఒట్టు!

మొన్న పొద్దున్న ఎలక్ట్రీషియన్ పరిగెత్తుకొచ్చాడు. "బాబాయ్, లోడు మొయ్యట్లేదు. నీ పలకలు ఆపకపోతే పైన ఊపిరి మిషన్లు ఆగిపోతాయి" అన్నాడు.

పైన ఎవరున్నారు? నువ్వున్నావు! ఆలోచించాననుకున్నావా? వాడి మాట పూర్తికాకుండానే స్విచ్చి దించేశాను.

తొట్టె ఎంతసేపు ఆగుతుంది? మధ్యాహ్నానికి అంచుదాకా వచ్చేసింది. ఇంకాసేపైతే వార్డుల్లోకే ఎదురు తన్నేది. కాలవలోకి వదిలే గేటు ఎత్తేశాను. ఎర్రగా, కంపుకొడుతూ... వెళ్ళిపోయింది అన్నయ్యా.

ఆఁ, ఆ కాలవే. నీ ఆకుకూర మళ్ళు తడిపే కాలవే. అయ్యో, కంగారుపడకు, మిషను గోలపెడుతోంది! వదినకి అప్పుడే ఫోన్ చేశాను. మోటారు వెయ్యొద్దని, పిల్లల్ని అటు పోనివ్వొద్దని చెప్పాను. మనవాళ్ళకేం ఫరవాలేదు.

మళ్ళీ ఆ చూపేమిటి? మిగతావాళ్ళా?

కాలవ పొడుగునా నలభై ఇళ్ళు. చెబితే, ఎవరు వదిలారని అడగరూ? అందరూ ఒక్కటై వచ్చి పలకలకి కరెంటు పెట్టమని కూర్చోరూ? అప్పుడు నీ గతేంటి?

నిన్న నీ పక్క మడి పెద్దమ్మ ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చింది. చేతిలో ఆకుకూర కట్ట, ఇంకా నీళ్ళు కారుతున్నాయి. "కాలవలో శుభ్రంగా కడిగి తెచ్చాను నాయనా. మీ అన్న లేచి తిరిగేదాకా నువ్వైనా వేళకి తిను" అంది.

మాట నోటిదాకా వచ్చింది, అన్నయ్యా. మింగేశాను. కట్ట తీసుకుని, దణ్ణం పెట్టి పంపించేశాను.

సరే, తిప్పుకో మొహం. ఊపిరి మాత్రం ఆపకు.