అమ్మ రైక లోపలి కుట్లు

“అవ్వా, కాలేజీ ఫంక్షన్‌కు ఏసుకుందామంటే అమ్మ పెండ్లిరైక నాకు శానా లూజ్ అయితాంది. ఈడ ధర్మవరం టైలరు పక్కల మిగిలే గుడ్డంతా తీసేసి ఫిట్ చేస్తానంటాండాడు. కత్తిరించమందునా?”

కత్తిరించద్దు! వద్దు పాపా. ఎక్కుతాందా నా మాట ఈ ఫోన్లో? ఎక్కుతాందిలే... కత్తెర పెట్టనియ్యద్దమ్మా. లూజ్ అయితాంది అంటివి సూడు, ఆ మాటనే మల్లమల్ల పెట్టుకోని వింటి.

లూజు అంటే నాకు తెలీదా? సదువు రాకపోతేనేం. అంగట్లో లూజు నూనె తెచ్చుకుంటాము, మంచం పట్టె లూజైతే బిగిస్తాము. మీ తాత గొర్రెలతో మాట్లాడుకుంటా పోతాంటే మీయమ్మ నా చెవులో అనేది, “అత్తా, మామ రవంత లూజు” అని. నేను కొట్టేకి పోతే నవ్వుకుంటా పరిగెత్తేది. కోడలనాల్నా దాన్ని, ఏమనాల్నా... యాడికో పోతాండా. రైక గదా.

ఆ రైకను తిరగేసి సూడు. సంక కింద, పక్క కుట్టు కాడ. సూది బొక్కలు వరసగా కనపడతాయి. హిందూపురంలో మాబన్న కుట్టినాడు దాన్ని. ఇరవై రూపాయలో ఏమో... కాదు, ముప్పై. పుల్ల మాదిరుండె మీయమ్మ అప్పుడు. నేనే చెప్తి, “మాబన్నా, లోపల గుడ్డ బాగా వదులు, రేపు ఒళ్ళు చేసే పిల్ల” అని. ఆయప్ప పక్కపక్కనే మూడు కుట్లేసినాడు, లావయ్యేకొద్దీ ఒగొగటే ఇప్పుకోమని. మీయమ్మ ఏమనింది? “ఇంత గుడ్డ ఎందుకత్తా, నువ్వు గూడా దూరుతావా దీంట్లో?” మాబన్న మిషను నిలిపి నవ్వె.

మొదటి కుట్టు, నువ్వు కడుపులో ఉన్నప్పుడు శ్రీమంతానికి ఇప్పితిమి. రెండోది నీకు పేరు పెట్టిన దినం. రైక పట్టక మీయమ్మ ఊపిరి బిగబట్టుకోని కూచునింటే నేనే బ్లేడుతో ఇప్పితి. నా కోడలు ఒళ్ళు చేసిందని కనపడినోళ్ళందరికీ చెప్పుకుంటి.

మూడోది ఇప్పే పని పడలే. జబ్బు వచ్చె గదా. ముందు గాజులు లూజైనాయి, మోచేతి దంకా జారేవి. పోయినేడు పెనుకొండలో మీ చిన్నత్త కూతురి పెండ్లికి ఈ రైకే ఏసుకుంటానని మొండికేసె. ఏసుకుంటే భుజాల మీద నిలవలే. నేను కూచోని లోపల పక్క ఇంగో కుట్టేస్తి, చేత్తోనే. కండ్లు కనపడక వంకరగా పోయింది. నల్లదారం ఉండాది సూడు, అది నాది. ఆమైన ఇంగా చిక్కిపాయె. ఇంగో కుట్టేస్తా ఇట్ల తే అంటే, “ఉండనీలే అత్తా, మల్ల ఒళ్ళు చేస్తా గదా” అనె. కొన్ని దినాలకే పాయె.



పోయినోళ్ళ గుడ్డలు ఇంట్లో పెట్టుకోగూడదని మీ పెద్దత్త అన్నీ మూట గట్టె. ఈ చీర, రైక మాత్రం నేనే ఎనక్కి తీసి దాచిపెడ్తి, నీకని. ఇప్పుడు ఆయప్పెవరో కత్తిరిస్తే మల్ల యాడ తెస్తాము ఆ గుడ్డ? నా నల్లకుట్టుకు ఇవతల ఇంగో కుట్టు ఏయమని చెప్పు, సాలు. లోపల ఎత్తుగా ఉంటుందంటాడేమో, అననీ. కాలేజీలో ఫోటోలు దిగేది ఒగ పూటే గదా.

అది సరే, జబ్బులో చిక్కిన మనిషి కొలత గూడా నీకు లూజా? ఏం తింటాండావే ఆ హాస్టల్లో? సెలవులకు రా. సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి నూరి పెడతా.

ఒళ్ళు చేసినాక, ముందు ఆ టైలరు కుట్టు ఇప్పుకుందువు. ఆమైన నా వంకర కుట్టు... దాన్ని మాత్రం ఇప్పద్దు పాపా.

లేదులే. ఇప్పు. ఇప్పు తల్లీ. మాబన్న మూడో కుట్టు గూడా ఇప్పి, ఒళ్ళంతా నిండుగా ఉండాల నువ్వు. మీయమ్మకు మిగిలిపోయిన గుడ్డ, అదంతా నీదే.