జాబితాలో లేని నేస్తం

"ముందస్తు ఎన్నికలు పెట్టాలంటావా, వద్దంటావా మామ్మా? కాలేజీలో పెద్దోళ్ళని అడిగి రాసుకురమ్మన్నారు."

ఆ ఫోను ఇంకా దగ్గరగా ఎట్టవే గుంటా. అరసవల్లి సూరీడి మీద ఒట్టేసి సెప్తన్నాను, నా మాటల్లో ఒక్క అబద్దం దొర్లినా ఈ నాలిక ఊడి ఒళ్ళో పడిపోవాల. నాను ఓటేసిన ఎలక్షన్లు నూటికి తక్కువుండవు. నవ్వకు, పంచాయితీవి కూడా కలుపుకో.

ముందస్తు ఎట్టాల. రేపే ఎట్టాల. అలాగే రాసుకో.

ఈ మాటంటే మన కిరాణా కొట్టు శెట్టిగారు తాటిచెట్టంత ఎత్తు ఎగిరినాడు. ఇంకా గడువుండగా గవుర్నమెంటు తనంతట తాను దిగిపోయి మళ్ళీ ఓట్లడగడమేటి, ఆ కర్సు ఎవులు బరిస్తారు అన్నాడు. మీ నాన్నేమో, ఎలక్షన్ కోడొచ్చేస్తే మన రోడ్డు పని సగంలో ఆగిపోద్ది, కంకర మీద నడిసి సావాల అన్నాడు. ఇద్దరూ సెప్పింది నిజమే. అది తెలీనంత తెలివితక్కువదాన్నేటి నాను? అయినా నాకు రేపే కావాల. ఎందుకో సెప్తాను, మీ నాన్నకి మాత్రం సెప్పకు.

ఆ తాలమేసున్న పెంకుటిల్లు ఉన్నాది సూడు, అది నా నేస్తానిది. మాకు పదేల్లప్పుడు ఇద్దరి అమ్మలూ మమ్మల్ని అరసవల్లి తీసుకెళ్ళి నేస్తం కట్టించినారు. పెసాదం దాని నోట్లో నాను, నా నోట్లో అది ఎట్టుకున్నాం. గాజులు మార్సుకున్నాం. పావలాకి డజను అప్పుడు, ఏనుగు తొక్కినా పగిలేవి కావు. ఏటి సెప్తన్నాను... ఆఁ, నేస్తం కట్టుకున్నాక ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాల. మొగుడి పేరైతే కోపమొచ్చినప్పుడు వెయ్యిసార్లు అనేసినాను గానీ, దాని పేరు ఇన్నేల్లలో పెదవి దాటనివ్వలేదు.

మొగుడు పోయాక అది కూతురితో, అల్లుడితో హైదరాబాదు ఎలిపోనాది. మేడలకి కాపలా పని. మబ్బులు కిటికీలోంచి వంటింట్లోకి వచ్చేస్తాయట, అంతెత్తు మేడలు. ఓటు మాత్రం ఇక్కడే ఉంచుకున్నాది. ఎలక్షనొస్తే పార్టీవోల్లు బస్సేసి తెస్తారు కదేటి, ఒక్కో బస్సుకి మూడొందల మందిని. ఏ పార్టీ బస్సైనా మాకొకటే. పొద్దున్న దిగడం, ఓటెయ్యడం, నా గుమ్మంలో కూకుని గారెలు తినడం, సాయంత్రం బస్సుకి ఎలిపోడం. ఇరవై ఏల్లలో నాలుగుసార్లు వచ్చినాది. వచ్చినప్పుడల్లా ఒక పగలు. అన్నీ కలిపితే నాలుగు పగల్లు. ఇది మాత్రం ఎక్కువ సేసి సెప్పడం లేదే.

మొన్నటి ఎలక్షన్లకి ముందు ఓటర్ల జాబితా పట్టుకుని ఒకాయన వచ్చినాడు. ఆ తాలం సూసి, ఈ ఇంట్లో ఎవరుంటారు మామ్మా అన్నాడు. నా నేస్తం అన్నాను. పేరేటన్నాడు. పైట నోటికి అడ్డమెట్టుకుని నవ్వినాను. పేర్లన్నీ నీ కాయితాల్లోనే ఉన్నాయి, నన్నడుగుతావేటి అన్నాను. పాపం, ఎండకి మాడిపోయున్నాడు. ఇంతకీ మనిషి ఉన్నాదా లేదా అన్నాడు. ఉన్నాది, నా గుండెల్లో ఉన్నాది అన్నాను. ఆయన నాకేసి జాలిగా సూసి, ఏదో గీసుకుని ఎలిపోనాడు. గవుర్నమెంటోడిని ఏడిపించినానని ఆ పూటంతా మురిసిపోనాను.

ఓట్ల రోజు పప్పు నానబోసి, రోడ్డు కాడికెళ్ళి కూకున్నాను. బస్సు ఆగినాది. అందరూ దిగినారు. ఆకర్న దాని అల్లుడు దిగినాడు.

"ఆవిడ పేరు జాబితాలో లేదత్తా. ఓటు లేనోల్లకి బస్సులో సోటు లేదన్నారు. పేరు ఎవులు తీయించినారో నిన్ను కనుక్కోమన్నాది."

నన్ను కనుక్కోమన్నాదే.

కనుక్కుంటానని సెప్పు బాబూ అన్నాను. ఇంటికొచ్చి పప్పు గేదెకి ఎట్టేసినాను.

అది నా నిర్వాకమేనని ఫోన్లో సెప్పెయ్యొచ్చు కదా అంటావు. దానికి సెవులు పోనాయి. కూతురు ఫోను సేతికిస్తే నేస్తం, నేస్తం అని రెండుసార్లంటాది, అంతే. కూతురి సేత సెప్పించే మాటా ఇది? ఎదురుగా కూకుని, సెయ్యట్టుకుని సెప్పాల. నా మోకాళ్ళు ఈ వీధి దాటవు. అది కూడా ఈమద్దిన సిక్కిపోనాదట. ఊరోల్లంతా ఉండే బస్సైతేనే పంపుతానంటాది కూతురు. గడువు పెకారం ఎలక్షనంటే ఏల్లున్నాయి. అందాకా మేవుంటామేటి.

నువ్వో పని సెయ్యి తల్లీ. ఆ ట్రంకుపెట్టిలో, నా సీరల అడుగున, దాని పాత ఓటు సీటీ ఉన్నాది. మన ఊరి సచివాలయానికి పట్టుకెళ్ళి, పేరు మళ్ళీ ఎక్కించాలంటే ఏటి సెయ్యాలో అడిగి, ఆ కాయితమేదో రాసియ్యి. పేరు సీటీ మీదే ఉన్నాది, నీలో నువ్వు సదువుకో. పైకి సదవకు, నానిక్కడే ఉన్నాను. ఎల్లు, మద్దానమైతే బోజనానికి లేసిపోతారు.