ఒడ్డున అన్న మాట

రాళ్ళు చెక్కే షెడ్డు. ముప్ఫై మంది సైనికుల పేర్లున్న నల్లరాయి ముందు, దాన్ని చెక్కిన ఆవిడా ఓ ముసలాయనా.

“చెయ్యి తియ్యండి పెద్దాయనా, అక్షరాలకి రంగు ఇంకా ఆరలేదు.”

“ఈ ఒక్క మాటా మార్చమ్మా.”

“పొద్దుట్నుంచీ ఇదే పాట! రేపే ఆవిష్కరణ. రాయి మీద మాట మార్చడమంటే పలక తుడిచినట్టనుకున్నారా?”

“‘దండయాత్ర తొలిరోజున శత్రువు ఒడ్డున పోరాడి అమరులైన ముప్ఫై మంది.’ ఇందులో ‘ఒడ్డున’ తప్పు.”

“అయితే కమిటీ వాళ్ళకి చెప్పండి. వాళ్ళిచ్చిన కాగితం చూసి చెక్కాను.”

“చెప్పబోయాను. టీ ఇచ్చి పంపించేశారు. రేపు పతకం పెట్టుకుని ముందు వరసలో కూర్చోమన్నారు.”

“మిమ్మల్నా? ఎందుకు?”

“వీళ్ళని తీసుకెళ్ళిన పడవ నడిపింది నేనే.”

“అయ్యో, ముందే చెప్పొద్దూ! కూర్చోండి. ఉండండి, స్టూలు మీద దుమ్ముంది...”

“ఉండనీ.”

“అయితే మీ కళ్ళతో చూశారన్నమాట. వాళ్ళు దిగడం, ఇసకలో పరుగెత్తడం...”

“పరుగెత్తారని ఎవరు చెప్పారు?”

“అందరూ చెప్పేదేగా. మా అమ్మా చెప్పేది.”

“అమ్మ ఉందా?”

“పోయింది. మాట దాటెయ్యకండి. ఒడ్డున కాకపోతే ఎక్కడ?”

“నీళ్ళలో.”

“తూటాలు తగిలా?”

“తూటాలు పడవకి తగిలాయి. వీళ్ళకి కాదు. పడవ ముందు తలుపు దించగానే దూకేశారు. ఒక్కొక్కడి వీపు మీద మోయలేనంత బరువు.”

“లోతా?”

“నిలువెత్తు దాటి.”

“లోతు చూసుకోలేదా? పడవలో గెడ ఉంటుందిగా?”

“ఉంది.”

“వేసి చూశారా?”

“పక్క పడవ తగలబడిపోతోందమ్మా, ఆ అరుపులూ ఆ పొగా...”

“గెడ వేశారా, లేదా?”

“వెయ్యలేదు. భయపడ్డాను. తలుపు దించేసి, వాళ్ళు దూకగానే వెనక్కి తిప్పేశాను. పడవ భద్రంగా తెచ్చానని పతకమిచ్చారు.”

“ఊఁ.”

“ఇన్నేళ్ళూ నోరు పెగల్లేదు. రేపు ఈ రాయి ముందు కూర్చోవడం నా వల్ల కాదు. మార్చమ్మా, నీకు దణ్ణం పెడతాను.”

“మార్చను.”

“అమ్మా...”

“ఆ పదిహేడో పేరు మా నాన్నది. అప్పటికి నేను కడుపులో ఉన్నాను. ‘మీ నాన్న ఒడ్డెక్కాడే, ఎదురెళ్ళి పోయాడే’ అని నాకు చెప్పుకుంటూనే మా అమ్మ బతుకంతా ఈడ్చింది. నేనూ అది నమ్మే పెరిగాను. ఇప్పుడొచ్చి మునిగిపోయాడంటారా? అదీ నా చేత్తోనే చెక్కాలా? రాయి చెక్కేవాళ్ళు ఇంకెవరూ దొరకలేదా మీకు?”

“పదిహేడో పేరు ఎవరిదో తెలిసే నీ దగ్గరికొచ్చాను.”

“తెలిసా? తెలిసి కూడానా?”

“తలుపు గొలుసు మీద ఉన్న నా చెయ్యి పట్టుకుని, ‘ఇంకాస్త ఒడ్డుకి పోనీ అన్నా, నాకు ఈత రాదు’ అన్నది అతనొక్కడే.”