లిగేచర్ అంటే కట్టడమండి

"అమ్మమ్మా, చీపురు పట్టినదానివి ఆపరేషన్ థియేటర్లోకి ఎట్లా వెళ్ళావు?" అనడిగా.

చీపురు పట్టుకునే వెళ్ళానే. జగ్గయ్యపేటలో డాక్టరమ్మ గారి దగ్గర ఆయాగా చేసేదాన్ని. మాది వత్సవాయి కదా, బస్సుకి ముప్పావలా... కాదు కాదు, రూపాయి. ముప్పావలా మీ తాత పెళ్ళిచూపులకి వచ్చినప్పటి మాట. సరే, ఆవిడ ఆపరేషన్ చేస్తూ లిగేచర్, లిగేచర్ అంటుంటే ఒకరోజు అడిగేశా, అంటే ఏంటండీ అని. తిడతారనుకున్నా. కూర్చోబెట్టి చెప్పారు. లాటిన్ అని పాత భాష ఉందట, అందులో లిగారే అంటే కట్టడమట. ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంటుదీ అదే పుట్టుకట. పూర్వం కాలో చెయ్యో తీసేస్తే, రక్తం ఆగడానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టేవాళ్ళట పాపం. కాల్చే బదులు నాళాన్ని దారంతో కట్టేస్తే చాలని తర్వాత కనిపెట్టారట. అది విన్నాక నేను ఊరుకుంటానా? పారేసే దారం ముక్కలు తెచ్చుకుని మంచం కోడుకి కడుతూ కూర్చునేదాన్ని. మంచమేమన్నా పారిపోతుందా అని మా అమ్మ దెప్పేది.

ఈలోపు నందిగామలో ఒక ఆసుపత్రి థియేటర్‌కి మనిషి కావాలన్నారు. ఒక్క పోస్టు, పదకొండు మందిమి, నేనే ఆఖరు. రాకపోతే మళ్ళీ చీపురే. పెద్ద డాక్టరుగారు లిగేచర్ అంటే ఏంటన్నారు. నా ముందువాళ్ళు చాలామంది కుట్టు అన్నారట. నేను కట్టడమండి అని, లిగారే దగ్గర్నుంచి మొదలుపెట్టా. ఆయన కళ్ళజోడు తీసి చూశారు. చెప్పావు సరే, కట్టు అన్నారు. స్టాండుకి సెలైన్ సీసా, దాని గొట్టంలోంచి నీళ్ళు ట్రేలోకి కారుతున్నాయి. కట్టేశా. నీళ్ళు ఆగాయి. తీరా చూసుకుంటే ఏముంది, దూడని గుంజకి కట్టే ముడి! వేళ్ళకి చిన్నప్పట్నుంచీ అదే అలవాటు మరి. ఊరుకుంటే ఆయనకి తెలిసేది కాదేమో. అయినా విప్పేశా.

"ఆగిందిగా, ఎందుకు విప్పావు?"

"ఇది దూడ ముడి సార్. పాలకి వదిలేటప్పుడు ఒక్క లాగుతో ఊడాలని వేస్తాం. మనిషి లోపల ఊడితే ప్రాణం పోద్ది."

మళ్ళీ కట్టా. ఒక ముడి ఇటు, రెండోది దానికి ఎదురు, పైన ఇంకోటి. ఆయనే లేచొచ్చి కొసలు లాగారు, సీసా నొక్కారు. చుక్క రాలేదే! సోమవారం నుంచి వచ్చెయ్ అన్నారు.

ఇరవై ఆరేళ్ళు చేశా ఆ థియేటర్లో. దారం కావాలంటే ఆయన నా వంక చూసేవారు కాదు తెలుసా, చెయ్యి చాచేవారు, అంతే. నిన్నూ అట్లా నమ్మి చెయ్యి చాచేవాళ్ళుండాలి తల్లీ. చల్లగా ఉండు.