నూట ఇరవై పోసిన తూటా

ముందే చెబుతున్నాను, లోరెన్‌తో నేను మాట్లాడను. ఇరవై రెండేళ్ళయింది. ఓ వేటకాలంలో నేను కొట్టిన దుప్పిని చూసి "దూడా ఇది?" అన్నాడు. కాని ఈ మోంటానా కొండల్లో కాఫీ పోసి తుపాకిమందు అమ్మే కొట్టు వాడిదొక్కటే, అందుకని రోజూ వెళ్తాను. ఏదైనా చెప్పాలంటే వాడి కుక్క మేజర్‌కి చెబుతాను, లోరెన్ వింటాడు.

ఆ శనివారం పొద్దున టపా పంచే టోబిన్ వాళ్ళ ముత్తాత రైఫిల్ పట్టుకొచ్చాడు. నలభై ఐదు-డెబ్బై అనే రకం తూటా పట్టేది. వీపు మీద పెట్టె మూతలా తెరుచుకునే రకం, నూట నలభై ఏళ్ళది. మర్నాడు పోటీలో దాంతోనే కాలుస్తానని నాయనమ్మకి మాటిచ్చాడట. తూటాలు తనే నింపుకోవాలి. ఒళ్ళో ఏ తూటాకి ఎంత మందు పోయాలో చెప్పే లావుపాటి పుస్తకం.

"ఈ ఒక్క తూటాకే మూడు భాగాలున్నాయి తాతా. మెల్లగా, గట్టిగా, ఇంకా గట్టిగా. ఏది చూడను?"

"మూడోది," అన్నాను.

"పాత ఇనుమురా. మొదటిది చూడు," అన్నాడు లోరెన్.

"మేజర్, మొదటి భాగం పాలు తాగే పిల్లలకని మీవాడికి చెప్పు. అసలు పుస్తకం దేనికి? పేరులోనే లెక్కుంది. నలభై ఐదు తూటా లావు, డెబ్బై గ్రెయిన్ల తూకం మందు."

"ఆ డెబ్బై పాతకాలపు నల్ల తుపాకిమందు లెక్క, ఆర్లో. ఇప్పటి మందు అంత పోస్తే ఆ మూత వచ్చి వాడి నుదుట తెరుచుకుంటుంది."

నాకు ఒళ్ళు మండింది. మా ఆవిడ వెర్నా పక్కన కూచుని మేజోడు అల్లుకుంటోంది, తలెత్తలేదు. సరే టోబిన్, నువ్వు విను అని మొదలెట్టాను.

"నేను మొదట డెబ్బై పోయించాను. పుస్తకంలో చీమల్లాంటి అక్షరాలు నా కళ్ళకి ఆనవు, అందుకని లెక్క చెప్పేది నేను, కొలిచి నింపేది వెర్నా. మూడొందల అడుగుల్లో దుప్పి. ఒకటే దెబ్బ. అందులో గొప్పేం లేదు, ఎవడైనా కొడతాడు, కొందరు తప్ప. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? తొంభై పోయించాను. తూటా ముందుకెళ్ళింది, నేను వెనక్కెళ్ళాను. కూచున్న కుర్చీతో సహా రెండు కంచెలూ ఒక వాగూ దాటి పక్క జిల్లాలో ఓ బడి ముందు ఆగాను. అక్కడ ఆ రోజు ఓట్లు. వరసలో ఉన్నాననుకున్నారు. ఓటేసి వచ్చాను."

"ఎవరికేశావు?" అన్నాడు టోబిన్.

"అది బయటికి చెప్పకూడదు. విను, ఆ తర్వాత నూట ఇరవై. కొండకి అవతల దుప్పి. ఆ మందుకి ఎంత తొందరంటే, నేనింకా ట్రిగ్గర్ నొక్కలేదు, అవతల దుప్పి పడిపోయింది. పడ్డాక ఇంకెందుకు నొక్కడం, దండగ. తూటా తీసి జేబులో వేసుకున్నాను. ఇదిగో, ఇదే."

"కాల్చని తూటాకి దుప్పి చచ్చిందా?" అన్నాడు లోరెన్.

"మేజర్, కాల్చుంటే కొండ కూడా చచ్చేదని చెప్పు. నా తుపాకీ అంటే మా కోళ్ళకి కూడా ఎంత భక్తనుకున్నావు? పెరట్లో ఒక్కటి పేల్చానంటే చాలు, పన్నెండూ పరిగెత్తుకొచ్చి గొట్టం ముందు తల వంచుతాయి. ఎత్తుతాయి, మళ్ళీ వంచుతాయి. పావుగంట సేపు దణ్ణాలే దణ్ణాలు. ఇంద టోబిన్, రేపు ఇదే పెట్టి కాల్చు."

టోబిన్ తూటా అందుకున్నాడు. రైఫిల్ మూత తెరిచి పెట్టి చూశాడు. సరిగ్గా పట్టింది. లోరెన్ లేచి నిలబడ్డాడు, చేతిలో కాఫీ ఒలికింది.

"తాతా, ఇందులో నిజంగా నూట ఇరవై ఉందా? నీ మాట మీద కాలుస్తాను."

లోరెన్ ముందు ఎలా కాదంటాను? "ఉంది," అన్నాను.

వెర్నా అల్లిక పక్కన పెట్టింది. టోబిన్ రైఫిల్లోంచి తూటా తీసేసుకుంది. "లోరెన్, ఆ తూటా ఊడగొట్టే సుత్తి ఇలా ఇవ్వు," అని అందులో బిగించి మూడుసార్లు బల్లకేసి కొట్టింది. లోపల ఉన్నది కాగితం మీద ఒంపింది.

అడుగున ఉన్న మందు చెంచాడైనా లేదు. దాని పైనంతా తెల్లగా, సన్నగా, పొద్దున్నే మేం జావ కాచుకునే గోధుమరవ్వ.

"ముప్ఫై ఏళ్ళుగా ఈయన లెక్క ఈయన చెబుతాడు," అంది వెర్నా. "నేను మొదటి భాగం తీసి, అందులో అన్నిటికన్నా తక్కువది చూసి పోస్తాను. ఖాళీ మిగిలినంత మేర రవ్వ. డెబ్బై అన్నా అదే, నూట ఇరవై అన్నా అదే. ఈయనకి భుజం నొప్పి."

టోబిన్ పుస్తకంలో వెనక్కి తిప్పుకుంటూ మొదటి భాగానికి వెళ్ళి పేజీ మడత పెట్టాడు. అప్పుడు అడిగాడు, "మరి ఆ కోళ్ళు, మామ్మా?"

"గొట్టంలోంచి రాలేది తింటాయి నాయనా."

లోరెన్ ఒలికిన కాఫీ తుడవడానికి వంగాడు. ఏమైనా అనుంటే మాటల్లేకుండా ఇంకో ఇరవై రెండేళ్ళు గడిచిపోయేవి. మేజర్ మాత్రం లేచి నా కాళ్ళ దగ్గరికొచ్చాడు, కింద రాలిన రవ్వ వాసన చూశాడు, తల వంచాడు.