ఎండెల్ అడిగిన రెండు మాటలు

నాకెందుకు రాయాలయ్యా ఆ మహానుభావుడు? ఆఁ? మూడు పేజీలు! కోడి గెలికినట్టుంది ఆ చేతిరాత, చదవలేక కళ్ళు కాయలు కాచాయి. తార్తూ ఊళ్ళో లెక్కల మాస్టారు ఎండెల్‌కి వేసవి సెలవుల్లో వేరే పనేం లేదు కాబోలు.

ఉండు, ఈ పైన్ ఆకులు ఊడ్చేస్తూ చెప్తాను. ఆదివారం సమాధుల పండగ. రీగా ఊరు సగం ఇక్కడే ఉంటుంది పూలు పట్టుకుని. నీ మీద ఇసక నున్నగా లేకపోతే జెంటాకి మొగుడు పోగానే బద్ధకం వచ్చిందంటారు. అనేవాళ్ళకేం?

ఏం రాశాడంటే, నువ్వు పోయావని విన్నాడట, మీ ఇద్దరి ఆట చదరంగం పత్రికలో అచ్చేస్తున్నారట. ఎండెల్ ఓడిన ఆట, నువ్వు గెలిచిన ఆట. "అమ్మా, నేను ఓటమి ఒప్పుకుంటూ పంపిన కార్డు చూసి ఇల్మార్ గారు ఏమన్నారు? రెండు మాటలు రాయండి, ఆట కింద వేయిస్తాను" అని అడిగాడు.

ఏమన్నావు ఇల్మార్? ఏమీ అనలేదు. అనడానికి ఆ కార్డు నువ్వు చూస్తే కదా!

అవును. వచ్చింది. నువ్వు బతికుండగానే వచ్చింది.

కంగారుపడకు, చెప్పనీ. ఎప్పుడో చెప్పాల్సింది.

నీ ఎత్తు గురించి నాకు తెలియనిదేముంది? ముప్పై ఏళ్ళు అన్నంలో ఉప్పులా తిన్నాను దాన్ని. తెల్ల పావులవాడు గుర్రం తీసి నీ బంటు మీద కన్నేస్తాడు. బుద్ధున్నవాడెవడైనా బంటుని కాపాడుకుంటాడు. నువ్వో? రాజు పక్కనున్న బంటుని రెండిళ్ళు ముందుకు తోస్తావు. ఇంటి తలుపు తీసి దొంగని భోజనానికి పిలిచినట్టు! "ఇది మన లాత్వియా పేరు మోస్తున్న ఎత్తు జెంటా, మనమే ఆడకపోతే ఎవరాడతారు?" అనేవాడివి. ఆ ఎత్తాడితే మెడకి ఉరేసుకున్నట్టేనని క్లబ్బులో నవ్వేవాళ్ళు. "వచ్చాడండీ ఉరితాడు ఇల్మార్!" అనేవాళ్ళు నీ ముఖం మీదే. నువ్వూ నవ్వేవాడివి. ఇంటికొచ్చాక బూట్లు విసిరేసేవాడివి.

ఒక్క గట్టివాడి మీద ఆ ఎత్తుతో గెలవాలి, అంతే. ఇంకేం కోరలేదు నువ్వు. పోస్టు కార్డుల మీద ఆడితే తీరిగ్గా ఆలోచించుకోవచ్చని, ఎక్కడెక్కడి వాళ్ళకో కార్డులు రాశావు.

తర్వాత పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది. నువ్వు చెప్తే నేను రాయడం. గడికి రెండంకెలు, ఎత్తుకి నాలుగంకెలు. ఒక్క అంకె తప్పు రాసినా అదే నీ ఎత్తు అయి కూర్చుంటుంది, వెనక్కి తీసుకోనివ్వరు. అందుకని నాలుగుసార్లు చదివించుకునేవాడివి నాచేత. బడిపిల్లనైపోయాను డెబ్బై ఏళ్ళకి!

మార్చిలో గుర్తుందా? మాస్కో ఆయనతో ఆట ముగిసింది. ఇక అక్కణ్ణించి కార్డు రాదని వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నావు. రొట్టె ముట్టలేదు. డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి, "ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉండాలమ్మా ఈయనకి" అంది. అప్పటికి మిగిలింది ఎండెల్‌తో ఆట ఒక్కటే.

మే నెలలో పోస్టు తెచ్చే ఔస్మా కార్డు ఇచ్చింది. పాపం, ఏళ్ళ తరబడి మన ఉత్తరాలు మోసి మోసి దానికీ చదరంగం సగం వచ్చేసింది. మెట్ల మీదే చదివాను. "ఓడిపోయాను. ఇంత అందంగా నన్నెవరూ ఓడించలేదు. మీ చెయ్యి ముద్దుపెట్టుకోవాలని ఉంది" అని రాశాడు.

పరుగెత్తుకొచ్చి నీ చేతిలో పెట్టాలనే అనుకున్నాను, ఒట్టు. గుమ్మం దాకా వచ్చాను. "కార్డొచ్చిందా?" అన్నావు. ఎంత ఆశగా అన్నావు! ఇది ఇచ్చేస్తే రేపేం అడుగుతాడు ఈ మనిషి అనిపించింది. మళ్ళీ గోడవైపు తిరుగుతాడనిపించింది.

"రాలేదు" అన్నాను.

రొట్టెలు చేసే రై పిండి డబ్బాలో అడుగున పెట్టాను. నాలుగు రోజులు చూద్దామనుకున్నాను. నాలుగు పదయ్యాయి. గుర్తుచేస్తూ కార్డు రాయమన్నావు, రాశాను, పోస్టులో వెయ్యలేదు. నువ్వు తింటున్నావుగా! పొద్దున్నే గడ్డం గీయమంటున్నావుగా! నాకు అంతే చాలు.

కానీ నువ్వేం చేస్తున్నావో నాకు ఆలస్యంగా తెలిసింది. ఎండెల్ ఇంతకాలం ఆలోచిస్తున్నాడంటే ఏదో దొరికిందనుకున్నావు. ఎడమచేత్తో పావులు జరుపుతూ వాడి తరఫున నువ్వే వెతికావు. నీ ఆటకి నువ్వే గొయ్యి తవ్వావు. ఓ మధ్యాహ్నం తెల్ల ఏనుగుని పక్కకి జరిపి, "ఇదే. ఇదే చూశాడు వాడు" అన్నావు. ముఖం పాలిపోయింది.

ఉత్తరంలో రాశాడయ్యా! ఆ ఏనుగు ఎత్తు తనూ చూశాడట. దానికి నీ గుర్రం దగ్గర జవాబుందట. నువ్వే గెలిచేవాడివట!

నీకది కనబడలేదు. నీరసంగా ఉన్నావు కదా. "కార్డు తియ్యి" అన్నావు. "రాయి. ఓడిపోయాను." పావులన్నీ పక్కకి తోసేసి, "క్లబ్బువాళ్ళు చెప్పింది నిజమే జెంటా. ముప్పై ఏళ్ళు తప్పుడు ఎత్తే ఆడాను" అన్నావు.

పిండి డబ్బా రెండడుగుల దూరంలో ఉంది ఇల్మార్. రెండంటే రెండడుగులు.

నేను కలం తీసుకుని రాశాను. "ఓడిపోయాను" అని, నీ పేరు, తారీఖు. నీకు చదివి వినిపించాను కూడా. పోస్టులో మాత్రం వెయ్యలేదు.

నువ్వు బతకాలనే దాచానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. మొదట్లో నిజమే. ఆ మధ్యాహ్నం మాత్రం కాదు. ఆ మధ్యాహ్నం నాకు భయమేసింది, అంతే. దుమ్ము దులుపుతూ ఒక్క బంటు జరిపానని నాలుగు రోజులు మాట్లాడని మనిషివి నువ్వు. నెలపైన దాచానని తెలిస్తే? ఆ చూపు తట్టుకోలేననుకున్నాను. టీ తాగాక చెబుదాం, రాత్రి తిన్నాక చెబుదాం, రేపు చెబుదాం. పొద్దున గంజి పట్టుకొచ్చేసరికి ఒళ్ళు చల్లబడి ఉంది.

ఓడిపోయాననుకునే పోయావు. నేనే పంపించాను అలా.

ఎండెల్‌కి జవాబు రాశాలే. కార్డు రెండుసార్లు చదివించుకున్నాడని, చాలాసేపు నవ్వాడని, టీలో ఇంకో చెంచా చక్కెర వెయ్యమన్నాడని రాశాను. నిన్న పోస్టులో వేశాను. అచ్చయ్యాక క్లబ్బులో అందరూ చదువుకుంటారు. పడీపడీ నవ్వాడట ఇల్మార్, అనుకుంటారు.

ఏం చెయ్యమంటావు మరి? నిజం చెప్పింది నీకొక్కడికే. నీ చెవులు పనిచేసే రోజుల్లో చెప్పలేకపోయాను.