ఓదెలు ఉల్లిగడ్డ చారు

ఓదెలని ఒకడుండె. నాకు ఆడిబిడ్డ వరసైతది కొంరవ్వ, దాని మొగడు. పట్నంల ఫ్రాన్సు దేశపు వంటలు పెట్టే పెద్ద హోటల్ల వంటోడు. వంటోడంటె అన్నీ వండుతడనుకునేరు, కాదు. పన్నెండేండ్ల సంది ఒక్కటే పని, ఉల్లిగడ్డ చారు. ఉల్లిగడ్డలు సన్నగ కోసుడు, సన్న మంట మీద ఎర్రగయ్యేదాక ఏంచుడు, బొక్కలు ఉడికిచ్చిన రసంల మరిగిచ్చుడు, మట్టి గిన్నెల పోసి మీద రొట్టె ముక్క, దాని మీద చీజు ఏసి కాల్చుడు. గొప్పోళ్లంత కార్లేసుకొని అది తాగటానికి వస్తరంట. నవ్వకుండ్రే, నేను చెప్తలేను, వాడు చెప్పిండు. ఇంటికొస్తే వాని చేతులకు ఉల్లిగడ్డ వాసన, ఎంత కడిగినా పోదు. 'జరుగు అవతలికి' అనేది కొంరవ్వ. 'నిన్నొకసారి తోల్కపోత కొంరీ, కిటికి పక్క బల్ల కాడ కూసుండబెట్టి నా చేతులతోని తెచ్చి పెడ్త' అనెటోడు వాడు. 'ఆ, ఉల్లిగడ్డ చారుకు పట్నం దాక రావాల్నా' అనేది ఇది.

ఏమైందంటే, పోయిన ఎండకాలం ఇంటికొచ్చి, ఇగ ఊకోలేక, కట్టెల పొయ్యి మీద వాడే చేసిండు ఆ చారు. చీజు మన ఊళ్లె ఏడ దొరుకుతది, ఉత్త రొట్టె ముక్కేసిండు. వాడకట్టోళ్లం నలుగురం కూసున్నం, నేను గూడ ఉన్న, అబద్ధమెందుకు. కొంరవ్వ గిన్నెల వేలు గూడ పెట్టలే. మూతి తిప్పి, 'నీ చారు కాకి గూడ ముట్టది పో' అన్నది. మేమంత పక్కున నవ్వినం, అందరికంటె నేనే ఎక్కువ నవ్విన. ఓదెలు గూడ నవ్విండు. నవ్వి, ఆ గిన్నె తీస్కపోయి అరుగు మీద ఒక్కడే కూసొని తాగిండు. తెల్లారి బస్సెక్కిండు. నెలకు వాన్ని బండిల పండబెట్టి తెచ్చిన్రు. పొయ్యి ముందల నిలవడ్డోడు నిలవడ్డట్టే కూలిండంట, గుండె ఆగిందంట.

మూడో దినం పిట్టకు పెట్టినం. యాటకూర, కల్లు, బీడీలు, వానికి ఇష్టమైనయన్నీ ఇస్తారిల పెట్టి దూరం జరిగి నిలవడ్డం. తెలుసు గద, పిట్ట ముట్టందే మనం ముద్ద ముట్టం. కాకులొచ్చినయి, గోడ మీద కూసున్నయి, చూసినయి, లేచిపోయినయి. ఎంత బతిమిలాడినా ముట్టలే, ఆఖరికి ఉత్త అన్నం ముద్ద తీసి ఆవుకు పెట్టినం. ఐదో దినం గూడ గట్లనే. 'ఏదో మనసుల పెట్టుకొని పోయిండు' అన్నరు అందరు. కొంరవ్వ నా చెయ్యి పట్టుకొని, 'నా మాటే పట్టుకున్నడు వదినా, కాకి ముట్టది అన్న గద, ముట్టనిస్తలేడు' అన్నది. పదకొండో దినానికన్న వాని చారు వానికి పెట్టాలె, లేకుంటె వాని పానం నిమ్మళం గాదు అని ఒకటే పట్టు. సావు ముట్టుడు దినాలల్ల గడప దాటొద్దని ముసలోళ్లు మొత్తుకున్నా ఇనలే. తన తమ్ముడు మొండయ్యను ఎంట తీసుకొని, ఓదెలు టిఫిను డబ్బా పట్టుకొని పట్నం పోయింది.

ఆ హోటలు సంగతి మొండయ్య చెప్తె ఇన్న. అద్దాల తలుపులంట, లోపల సల్లగ, అందరు గుసగుసనే మాట్లాడుతరంట. బల్ల మీద తెల్లగుడ్డ, దాని మీద పట్టపగలే కొవ్వొత్తి ఎలుగుతుందంట. అది చూసి కొంరవ్వ రెండు చేతులు జోడిచ్చిందంట. పీనుగ లేసిన కాడ దీపం పెడ్తం గద మనం, గట్ల మావోని కోసం పెట్టిన్రనుకున్నది. వడ్డించెటాయన రాంగనే, 'సల్లగుండు బిడ్డా, ఇన్నొద్దులైనా మావోని దీపం ఆరనియ్యలే మీరు' అన్నదంట. ఆయన చుట్టు చూసిండంట, అన్ని బల్లల మీద కొవ్వొత్తులే. 'అవునమ్మా, ఓదెలన్న కోసమే' అన్నడంట. మంచోడు. అక్కడ చారు ఇంటికి కట్టియ్యరంట. ఎందుకు కావాల్నో కొంరవ్వ చెప్తె ఆయన లోపలికి పోయి డబ్బా నింపుకొచ్చి, ఇంకో గిన్నె ఆమె ముందల పెట్టి, 'అన్న నిన్ను కూసుండబెడ్తనన్న బల్ల ఇదేనమ్మా, మాకందరికి చెప్పెటోడు' అన్నడంట. పిట్ట ముట్టందే తినొద్దని దానికి తెల్వదా? అయినా ఒక్క చెంచ నోట్లె పెట్టుకున్నది. ఇంకోటి పెట్టుకున్నది. 'బాగుంది తమ్మీ' అన్నదంట. 'గింత బాగుంటదని నాకు తెల్వదు, బతికున్నప్పుడు ఒక్క చెంచ నోట్లె పెట్టుకోకపోతి' అని ఆ తెల్లగుడ్డల మొకం పెట్టి ఏడుస్తుంటె, పక్క బల్లలోళ్లు గూడ తినుడు ఆపిన్రంట.

పదకొండో దినం ఆ చారు మట్టి చిప్పల పోసి పెట్టినం. మేమింక ఎనకకు జరగనే లేదు, ఒక కాకి వచ్చి వాలింది, రొట్టె ముక్క గుంజింది, చారుల ముక్కు ముంచింది. 'ముట్టింది, ముట్టింది' అని అందరు దండం పెట్టి కాళ్లు కడుక్కుంటున్నరు. కొంరవ్వేమో 'ఉష్, ఉష్' అనుకుంట కాకి మీదికి ఉరికింది! నేను గట్టిగ పట్టుకున్న. 'పిచ్చిదానా, దీని కోసమే గదనే పట్నం పోయినవు' అన్న. 'ఎందుకు తెచ్చిన వదినా' అన్నది. 'అలిగినన్ని దినాలు ఇంటి సుట్టే తిరిగెటోడు. ఇప్పుడు కడుపు నిండి పాయె. ఇగ ఎందుకొస్తడు?' అని నా మీద పడి ఏడ్సింది. ఏం చెప్తవు, ఉన్నమాటే గద.

గంతే, ఇంకేం లేదు. మొన్న మా ముసలాయన చాయ పెట్టిండు. చక్కెర లేదు, పాలు మాడినయి. నోటిదాక వచ్చింది మాట, మింగి, బాగుందయ్యా అన్న. మురిసిపోయి ఇంకో గిలాస పోసుకొచ్చిండు. ఏం చేస్త, అది గూడ తాగిన.